గొంతునొప్పి గుండెదాకా పోకుండా: రుమాటిక్ ఫీవర్‌ను ఆపడం ఎలా

గొంతునొప్పి తెచ్చే గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ (స్ట్రెప్) బ్యాక్టీరియా పైపొరలో ఎం ప్రొటీన్ ఉంటుంది. దానికీ మన గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రొటీన్‌కూ పోలిక ఉంది. బ్యాక్టీరియా కోసం తయారైన రోగనిరోధక దాడి కొందరు పిల్లల్లో ఈ పోలిక వల్ల దారితప్పి కీళ్ళ మీద, గుండె కవాటాల మీద పడుతుంది. కీళ్ళు కోలుకుంటాయి, కవాటాలు మాత్రం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఇదే రుమాటిక్ ఫీవర్. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ.

గొంతునొప్పి అంటే ముందు టార్చి వేసి చూడండి. ఉన్నట్టుండి జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, దవడ కింద నొక్కితే నొప్పెట్టే బిళ్లలు ఉండి, దగ్గు లేకపోతే స్ట్రెప్‌ను అనుమానించి డాక్టరుకు చూపించాలి. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురుపోవడం ఉంటే చాలావరకు వైరస్సే. దానికి యాంటీబయాటిక్ దండగ.

స్ట్రెప్ అయితే, నొప్పి మొదలైన 9 రోజుల్లోపు మందు పడినా రుమాటిక్ ఫీవర్‌ను అడ్డుకోవచ్చు. అమాక్సిసిలిన్ మోతాదు కిలోకు 50 మి.గ్రా., 1 గ్రాము మించకుండా, రోజుకు ఒకసారి, 10 రోజులు. మూడో రోజుకే పిల్లవాడు హాయిగా తింటుంటాడు, సీసా పక్కన పెట్టేస్తారు. నొప్పి పోయినా గొంతులో బ్యాక్టీరియా మిగిలే ఉంటుంది. పదిరోజులూ వేయించడం కష్టమనిపిస్తే బెంజాథిన్ పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్ గురించి అడగండి: 27 కిలోల లోపు 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షలు. పెన్సిలిన్ పడదంటే ముందే చెప్పాలి.

రుమాటిక్ ఫీవర్ బయటపడేది సాధారణంగా గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాల తర్వాత. మోకాలు వాచి, అది తగ్గుతుండగా చీలమండకో మోచేతికో నొప్పి మారుతుంది. ఈ దశలో ఇంట్లో ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేయకండి. ఒకటి రెండు రోజుల్లో వాపు లాగేసి, డాక్టరుకు ఆ ముఖ్యమైన గుర్తే కనపడకుండా పోతుంది. చూపించేదాకా పారాసెటమాల్ చాలు. ఆయాసం వచ్చినా, చేతులు వాటంతటవే మెలికలు తిరిగినా ఆలస్యం వద్దు. స్టెతస్కోపుకు దొరకని కవాటం లీకు కూడా ఎకోలో (గుండె స్కానింగ్‌లో) తెలుస్తుంది కాబట్టి అది తప్పనిసరి. స్ట్రెప్ మీద తయారైన యాంటీబాడీలను చూసే ఏఎస్ఓ రక్తపరీక్ష పాజిటివ్ అంటే ఎప్పుడో స్ట్రెప్ సోకిందని మాత్రమే. ఆ ఒక్క కాగితం చూసి ఏళ్ళ తరబడి సూదులు పొడిపించడం అన్యాయం.

జబ్బు ఖాయమైతే మాత్రం ప్రతి 21 రోజులకూ బెంజాథిన్ సూది తప్పదు. గుండె బాగుంటే కనీసం 5 ఏళ్ళు లేదా 21 ఏళ్ళు నిండేదాకా, ఏది ఎక్కువైతే అది. కవాటం దెబ్బతింటే 10 ఏళ్ళు లేదా 40వ ఏడు వచ్చేదాకా, కొందరికి జీవితాంతం. ప్రతి సూది తర్వాత అరగంట ఆసుపత్రిలోనే కూర్చోబెట్టండి. కవాటం జబ్బు బాగా ముదిరినవాళ్ళకు సూది బదులు మాత్రలు మేలా అని గుండె డాక్టరును అడగాలి. పరీక్షలున్నాయని, ఊరెళ్ళామని తేదీ దాటనివ్వకండి: మళ్ళీ స్ట్రెప్ సోకితే కవాటం ఇంకా పాడవుతుంది.