ఫెర్నాండినాలో ఇగ్వానా పిల్లల వేట చూడాలంటే

మన ఉడుము వేటాడి తింటుంది. పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో ఉండే సముద్ర ఇగ్వానా అనే పెద్ద బల్లి మాత్రం నాచు మేసే జీవి, పిల్లగా ఉన్నప్పుడు పాములు, డేగలు, కొంగలు అన్నిటికీ ఆహారమే. ఆ వేట కంటపడాలంటే ముందు నెల కుదరాలి. తల్లులు సుమారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇసుకలో బొరియలు తవ్వి ఒకటి నుంచి ఆరు గుడ్లు పెడతాయి. మూడు నాలుగు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. మే, జూన్ చూసుకోండి. వేరే నెలలో వెళ్తే ఎండ కాచుకునే పెద్దవే కనిపిస్తాయి, వాటి జోలికి పాములు పోవు.

క్రూయిజ్ బుక్ చేసేముందు పశ్చిమ మార్గంలో ఫెర్నాండినా దీవి, అందులో సందర్శకులు దిగే తీరం పుంటా ఎస్పినోసా ఉందో లేదో అడగండి. మనుషుల వెంట వచ్చే పిల్లులు, ఎలుకలు ఆ దీవికి చేరలేదు. అందుకే కనిపించే వేటంతా సహజమైనదే.

పొద్దున్నే దిగే బృందంలో ఉండండి. తడిసిన లావా బండలు నున్నగా జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. బాట దిగొద్దు: ఇసుక మీద అడుగేస్తే కింద బొరియ కూలుతుంది.

ఇక ఎక్కడ చూడాలి? ఇసుక అయిపోయి నల్లబండ మొదలయ్యే అంచున. రేసర్ అనే వేగంగా పాకే పాములు ఆ బండ పగుళ్లలోనే కాచుకుంటాయి. ఇసుకలోంచి తల బయటపెట్టిన పిల్ల కాసేపు బిగుసుకుపోతుంది. కదలని దాన్ని పాము సరిగా పసిగట్టలేదు. పిల్ల పరుగందుకోగానే రెండు మూడు పాములు ఒకేసారి దూకుతాయి. దొరికితే చుట్టేసి, ఊపిరాడకుండా నొక్కి చంపుతాయి. కాబట్టి కెమెరా గురి పాము మీద కాదు, కదలకుండా ఉన్న పిల్ల మీద పెట్టండి. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు ఉండాలి. ఫ్లాష్ నిషేధం.

డేగ సంగతి వేరు, అది పెద్ద ఇగ్వానాలనూ పడుతుంది. ఆకాశం వెతకడం దండగ, చెవులు పనిచేయించండి. డేగను చూసి మాకింగ్‌బర్డ్ పిట్ట హెచ్చరిక అరుపు అరిస్తే, ఇగ్వానాలు అది విని తలలెత్తుతాయి, కొన్ని పరుగెత్తుతాయి. తమకంటూ అరుపు లేని జీవులు పిట్ట భాష నేర్చుకున్నాయి! కొంగలు నీటి అంచున, గుడ్లగూబలు మసక వెలుతురులో పిల్లలను ఏరుకుంటాయి.

ఏ జంతువుకైనా రెండు మీటర్ల దూరం తప్పనిసరి. పిల్ల మీవైపే పరుగెత్తుకొస్తే పక్కకు గెంతకండి, ఉన్నచోటే నిలబడండి. మీరు కదిలితే దాని దారి మారి, నేరుగా పగులు వైపే పోవచ్చు.