పొద్దుగూకాక తెలియని మొగలోకి పోవద్దు

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిండి జనాన్ని పడవల్లో బయటికి తేవాల్సి వచ్చింది. సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మనకే ఆ గతి. ఇప్పుడు మన హనుమకొండ పిల్లలు కొందరు సంక్రాంతి సెలవుల్లో ఆ తీరం వెంటే, కాకినాడ నుంచి విశాఖకు సెయిలింగ్ బోటులో పోదామని ప్లాన్ వేసుకుంటున్నారు. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నారు, బోటు కూడా మాట్లాడుకున్నారు. పోవద్దని నేను అనను, చక్కగా పోయి రండి. కానీ ప్లాన్ కాగితం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నా.

లైఫ్ జాకెట్, మందులు, మంచినీళ్లు, ఇవన్నీ మీకు తెలుసు. మీకు తెలియనిది ఒకటుంది, నేను చూసినంతలో మనుషుల్ని ముంచేది అదే.

మనం చెరువుల మధ్య పుట్టినవాళ్లం. పాకాలలో గానీ లక్నవరంలో గానీ గాలి లేస్తే ఏం చేస్తాం? తొందరగా గట్టుకు చేరుకుంటాం. ఒడ్డు కనిపిస్తే ప్రాణం లేచి వస్తుంది. సముద్రంలో ఆ అలవాటే ప్రాణం తీస్తుంది. లోతు నీళ్లలో, ఒడ్డుకు ఎడంగా ఉన్న బోటుకు ప్రమాదం తక్కువ. బోట్లు పగిలేది ఒడ్డు దగ్గర, అందులోనూ నది సముద్రంలో కలిసే చోట, అక్కడి మత్స్యకారులు మొగ అనే చోట. పొద్దంతా ఎండకు, ఉప్పుగాలికి అలసిపోయి, ఒకరిద్దరు వాంతులు చేసుకుంటుంటే, చీకట్లో ఊరి లైట్లు కనిపిస్తాయి. 'ఇంత దూరం వచ్చినం, ఇంకో అరగంటే కదా' అనిపిస్తుంది. ఆ అరగంటలోనే కీల్, అంటే బోటు అడుగున కిందికి దిగి ఉండే రెక్క, ఇసుకలో దిగబడుతుంది, వెనక నుంచి వచ్చే కెరటం బోటును అడ్డం తిప్పి పడేస్తుంది. అట్లా దిగబడిన బోటును నేను చూశా. మనుషులు బతికారు, బోటు దక్కలేదు, నడిపినాయన మళ్లీ సముద్రం ముఖం చూడలేదు.

చీకట్లోనే ఎందుకు అంత కష్టమంటే, మొగ దగ్గర ఇసుక మేటలు ఒక్కచోట ఉండవు. ప్రతి వరదకూ, ప్రతి తుపానుకూ జరుగుతాయి. మొంథాకు ముందు గీసిన చార్టులో దారి ఉన్నచోట ఇప్పుడు మోకాలి లోతు ఉండొచ్చు, జీపీఎస్ కూడా ఆ పాత చార్టు మీదనే మిమ్మల్ని చూపిస్తుంది. పైగా సముద్రం వైపు నుంచి చూస్తే విరిగే కెరటాల వీపులే కనిపిస్తాయి, తెల్లటి నురగ అవతలి వైపు ఉంటుంది. పట్టపగలే అక్కడ కెరటం విరుగుతోందని పోల్చుకోవడం కష్టం, రాత్రయితే అసలు తెలియదు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నది నీళ్లు బయటికి తోస్తుంటే ఎదురొచ్చే అలలు నిక్కబొడుచుకుని లేస్తాయి. హార్బర్ లైటుకూ, జాతర లైటుకూ, పెట్రోల్ బంకు లైటుకూ తేడా దూరం నుంచి తెలియదు.

అందుకే చెప్తున్నా. పొద్దుగూకాక తెలియని మొగలోకి పోవద్దు. ఆలస్యమైందా, వెనక్కి తిరగండి. ఒడ్డుకు ఐదారు నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు) ఎడంగా పోయి, తెరచాప తగ్గించి, బోటును నెమ్మదిగా తేలనిచ్చి తెల్లారేదాకా ఉండండి. కడుపులో తిప్పుతుంది, నిద్ర ఉండదు, అయినా బతుకుతారు.

హార్బర్ల సంగతి

విశాఖ ఔటర్ హార్బర్ లోతైనది, అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ గోడలు ఉన్నాయి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఉంది. ఈ దారిలో రాత్రయినా నమ్మదగింది ఇదొక్కటే, అదీ పోర్టు కంట్రోల్ రమ్మంటేనే. అది తూర్పు నౌకాదళం ఉండే చోటు, అడగకుండా దూరితే మర్యాదగా ఉండదు. కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డం ఉంటుంది కాబట్టి లోపల నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, కానీ గోదావరి ఒండ్రుతో బే అంతా లోతు తక్కువ, ఛానల్ వదిలితే బురదే. ఓడల నుంచి సరుకు మోసే బార్జీలు అక్కడ రాత్రిపూట కూడా తిరుగుతాయి. లాగే టగ్ బోటుకూ వెనకున్న బార్జీకీ మధ్యలోంచి ఎన్నడూ పోవద్దు, మధ్యలో తాడు ఉంటుంది.

ఈ రెంటి నడుమ పెంటకోట, పూడిమడక లాంటి ఊళ్లున్నాయి. మ్యాప్ మీద బోటు బొమ్మ చూసి హార్బర్ అనుకోకండి, అవి కెరటాల్లోంచి తెప్పలూ ఫైబర్ బోట్లూ తోసే బీచ్‌లు, కీల్ ఉన్న బోటుకు అక్కడ చోటు లేదు. గంగవరం సరుకు ఓడల పోర్టు. విశాఖ దాటాక ఉత్తరాన భీమిలి దగ్గర గోస్తనీ కలిసేచోటు చూడ్డానికి అందంగా ఉంటుంది, సముద్రం ప్రశాంతంగా ఉన్న పగటిపూట బయట లంగరు వేసుకోవచ్చు, రాత్రి నిద్రకు పనికిరాదు. దక్షిణానికి పోతే మచిలీపట్నం, నిజాంపట్నం రెండింటికీ మొగ పూడిక సమస్యే, అక్కడి బోటువాళ్లలో ఒకరు ముందు నడిస్తే తప్ప పోవద్దు.

ఎటు నుంచి ఎటు

కాకినాడ నుంచి విశాఖకు డెబ్బై నాటికల్ మైళ్లకు పైనే. గంటకు ఐదు మైళ్లు పోతే పద్నాలుగు గంటలు. జనవరిలో పగలు పదకొండు గంటల పైచిలుకు, అంతే. పొద్దున బయల్దేరితే చీకట్లోనే చేరుతారు. లెక్కలోనే తప్పుంది చూడండి.

పైగా జనవరిలో గాలి ఈశాన్యం నుంచి. మీరు పోయేది ఈశాన్యానికే. ఎదురుగాలికి అటూ ఇటూ కోసుకుంటూ పోతే దూరం ఇంకా పెరుగుతుంది. కాబట్టి ప్లాన్ తిరగేయండి. విశాఖలో సాయంత్రం ఐదింటికి బయల్దేరి, చీకటిని నడిసముద్రంలో గడిపి, ఉదయం ఏడింటికి వెలుతురులో కాకినాడ చేరండి. కాకినాడ నుంచే పోవాలని పట్టుదల ఉంటే మార్చి దాకా ఆగండి, అప్పటికి గాలి దక్షిణం వైపు తిరుగుతుంది, తీరం వెంట నీటి ప్రవాహం కూడా ఉత్తరానికే ఉంటుంది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలు మాత్రం వద్దే వద్దు. 1977లో దివిసీమ నవంబర్‌లో పోయింది, 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబర్‌లో వచ్చింది, 2023లో మిచౌంగ్ డిసెంబర్‌లో బాపట్ల దగ్గర దాటింది.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రిటర్న్ టికెట్ తీసుకుని బోటెక్కకండి. సోమవారం ఆఫీసుకు చేరాలన్న టెన్షనే మనుషుల్ని చీకట్లో మొగలోకి తోస్తుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన కడిపికొండ వాళ్లున్నారు. గోదావరి వరద మీదుంది, అయినా బోటు కదిలింది. సెలవు దొరికిందనో, డబ్బు కట్టామనో నీళ్ల మీదికి పోవద్దు. ట్రిప్పు ఆపేసే హక్కు బోటులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉండాలి, భయపడే అక్కయ్యకు కూడా.

ఇంకా:

బయల్దేరే ముందురోజు మన హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడండి. గాలి లేకున్నా దూరం నుంచి పెద్ద అలలు రావొచ్చు, ఆ హెచ్చరిక ఉంటే కదలొద్దు.

పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా ప్రయాణం రద్దు. మూడు దాకా చూద్దాం అనొద్దు.

క్యాలెండర్ చూడండి. అమావాస్య, పున్నమి దగ్గర పోటుపాట్ల తేడా మీటరు పైనే ఉంటుంది, లోతు తక్కువున్న చోటికి పోటు ఎక్కుతున్నప్పుడే పోవాలి. దిగబడినా నీళ్లే లేపుతాయి. పాటులో దిగబడితే అంతే.

మీ బోటు తేలడానికి ఎంత లోతు నీళ్లు కావాలో ఓనరును అడిగి గోడ మీద రాసి పెట్టండి.

ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల గుంపు మధ్యలో కట్టకండి. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒకదాన్నుంచి ఒకదానికి పాకి పదుల బోట్లు కాలిపోయాయి. చివర కట్టండి, తాడు కోసే కత్తి చేతికందేలా ఉంచండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, హార్బర్లన్నీ కిక్కిరిసి ఉంటాయి.

రాత్రి వలలకు లైట్లుండవు. థర్మాకోల్ ముక్కలు, వెదురు జెండాలు కనిపిస్తే ఇంజిన్ ఆపండి.

కోనసీమ ఎదుట గ్యాస్, ఆయిల్ ప్లాట్‌ఫామ్‌లకు 500 మీటర్ల లోపలికి పోవద్దు.

రాత్రి ఇద్దరు మెలకువగా, ఇద్దరూ బోటుకు తగిలించే సేఫ్టీ బెల్టు కట్టుకుని.

మందు వద్దు. ఒక్క గుక్క కూడా.

సెల్‌ఫోన్‌ను నమ్మొద్దు. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ మీద పనిచేస్తుందో లేదో జెట్టీ దగ్గరే చూడండి.

కొత్తచోట లోపలికి పోయే ముందు అక్కడి మత్స్యకారుణ్ని అడగండి, చార్టును కాదు. 'అన్నా, మొన్నటి వరద తర్వాత మొగ ఎట్లుంది' అని.

చీకటి పడింది, మొగ తెలియదు, అంటే లోపలికి పోరు. మళ్లీ చెప్పించుకోవద్దు.

హనుమకొండలో ఒకరి దగ్గర మీ దారి, చేరాల్సిన టైము, బోటు రంగు, లోపలున్నవాళ్ల పేర్లు రాసిచ్చి పోండి. తెల్లారేదాకా బయట ఆగే అవకాశం ఉందని ఆ మనిషికి ముందే చెప్పండి, లేకపోతే రాత్రంతా ఫోన్లు చేసి మిమ్మల్ని లోపలికి తొందరపెట్టేది వాళ్లే. మధ్యాహ్నం పన్నెండైనా కబురు రాకపోతే ఎవరినీ అడక్కుండా కోస్ట్‌గార్డ్ 1554కు ఫోన్ చేయమనండి.