కంప్యూటర్ భద్రత, 4వ పాఠం: నిన్న పెట్టిన పాస్‌వర్డ్ ఈరోజు పనిచేయట్లేదా?

పోయిన పాఠంలో విండోస్ పాస్‌వర్డ్ మార్చుకోమన్నాను. మార్చుకున్న చాలామంది, రీస్టార్ట్ చేశాక లోపలికి వెళ్లలేకపోయారు. ఈసారి ఫైళ్ల బ్యాకప్ చెప్పాల్సింది, అది తర్వాత చూద్దాం. పాస్‌వర్డ్‌లో @ పెట్టుకోమని చెప్పిన నేను, కీబోర్డ్ లేఅవుట్ (ఏ కీ నొక్కితే ఏ గుర్తు రావాలో చెప్పే అమరిక) చూసుకోమని చెప్పలేదు. ఆ లోటు ముందు తీర్చాలి.

పాస్‌వర్డ్ అడుగుతున్నది ఎవరో మొదట చూడండి. విండోస్ ఇంకా మొదలవకముందే నల్లటి తెర మీద అడిగితే అది బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్. 48 అంకెల రికవరీ కీ అడిగే నీలం తెర బిట్‌లాకర్, అంటే డిస్క్ మొత్తానికీ తాళం వేసే విండోస్ సదుపాయం. మీ పేరు కనిపిస్తే విండోస్. ఒకదాని పాస్‌వర్డ్ ఇంకోదానికి పనికిరాదు.

ఇక @ సంగతి. యూఎస్ లేఅవుట్‌లో షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే @ వస్తుంది. యూకే లేఅవుట్‌లో అదే కీ " ఇస్తుంది. అక్కడ @ కావాలంటే ఎంటర్ పక్కనున్న కొటేషన్ కీని షిఫ్ట్‌తో నొక్కాలి. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఒక లేఅవుట్, లాగిన్ తెర మీద ఇంకొకటి ఉంటే మీ వేళ్లు సరిగ్గానే కొడతాయి, కంప్యూటర్ మాత్రం తప్పంటుంది. తెర మీద చుక్కలే కాబట్టి తేడా కనిపించదు. పది సార్లు కొట్టినా పదీ తప్పే. జనం ఇక్కడే టెన్షన్ పడి పాస్‌వర్డ్ మర్చిపోయామనుకుంటారు, ఏకంగా విండోస్ మళ్లీ వేయించేస్తారు. ఫొటోలూ లెక్కలూ అన్నీ పోతాయి. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. పెట్టెలో పాస్‌వర్డ్ కొట్టి, చివరనున్న కన్ను గుర్తు నొక్కి పట్టుకోండి. @ ఉండాల్సిన చోట " కనిపిస్తే దొరికినట్టే. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి లేఅవుట్ మార్చండి.

విడిగా అంకెల కీలు లేని పాత ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ కూడా ఇలాగే ఏడిపిస్తుంది. అది ఆన్‌లో ఉంటే యు కొడితే 4, ఐ కొడితే 5, ఓ కొడితే 6 పడతాయి. క్యాప్స్ లాక్ మీకు తెలిసిందే.

ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చారా? కంప్యూటర్‌కు నెట్ అందకపోతే పాతదే కొట్టి చూడండి.

నేనైతే గుర్తుల జోలికి పోను. పొడుగ్గా చిన్న అక్షరాలు, మధ్యలో అంకెలు, అంతే. కంప్యూటర్ ఆన్ చేయగానే బిట్‌లాకర్ అడిగే పిన్‌లో అక్షరాలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ తెర యూఎస్ లేఅవుట్‌నే వాడుతుంది. పాస్‌వర్డ్ చెరిపేసే బయటి టూల్స్ జోలికీ పోకండి. విండోస్‌లో ఫైళ్లకు విడిగా తాళం వేసే ఈఎఫ్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం వేసిన) ఫైళ్లుంటే అవి ఇక తెరుచుకోకపోవచ్చు.

అభ్యాసం: ఈ వారంలోనే మీ బిట్‌లాకర్ రికవరీ కీ వెతికి, చేత్తో కాగితం మీద రాసుకోండి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుంటాయి. ప్రతి గుంపునూ 11తో భాగించండి, శేషం సున్నా రావాలి. రాకపోతే ఆ గుంపులో ఏదో అంకె తప్పు రాశారు. సరిచూసుకుని దిద్దండి. ఆ కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.