పడవ జీపీఎస్ స్పీడోమీటరు మరమ్మతు – 4వ పాఠం: మీటరులో పన్నెండున్నర, ముల్లు మాత్రం సున్న

ఉపగ్రహాల సంకేతాలను అందుకునే యాంటెన్నాను ఈ పాఠంలో విప్పుదామని కిందటిసారి మాట ఇచ్చాను. దానిని వచ్చే పాఠానికి జరపక తప్పడం లేదు. మూడవ పాఠంలో చెప్పినట్లు స్పీడోమీటరు వెనుక వోల్టేజీ కొలిచి, మల్టీమీటరులో 12.5 కనబడగానే కరెంటు సక్రమంగా వస్తోందనీ, చెడిపోయింది స్పీడోమీటరేననీ నిశ్చయించుకున్నవారు చాలామంది ఉన్నారు. కొందరు కొత్తది కొని అవే తీగలకు తగిలించారు. దాని ముల్లు కూడా కదలలేదు. ఈ పొరపాటు వారిది కాదు. ప్లగ్గు తగిలించి ఉండగానే కొలవాలన్న ముఖ్యమైన మాట నేను రాయలేదు. చాలామంది ప్లగ్గు ఊడదీసి, ఆ ఖాళీ కొసల దగ్గర కొలిచారు.

బ్యాటరీ కొసలు శుభ్రం చేయడం, ఫ్యూజు తెగిందేమో చూడడం అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. ఖాళీ కొసల దగ్గర కొలిచిన వోల్టేజీ ఎందుకు పనికిరాదో మాత్రం మీకు పూర్తిగా అర్థమయ్యేదాకా ముందుకు సాగను. ఈ ఒక్క పొరపాటు వల్ల పాడుకాని సామాను చెత్తలో పడుతోంది. అది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మేడమీది ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో సున్నం పేరుకుందనుకోండి. కుళాయి కట్టి ఉన్నంతసేపు దాని వెనుక నీటి ఒత్తిడి పూర్తిగా ఉంటుంది. కుళాయి తిప్పగానే సన్నని ధార మాత్రమే వస్తుంది. మల్టీమీటరుతో వోల్టేజీ కొలవడం కట్టి ఉన్న కుళాయి వెనుక ఒత్తిడి చూడడం వంటిది. మీటరు లోపలి నిరోధం పది లక్షల ఓములు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది కనుక దాని గుండా పారే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. దారిలో ఒక అతుకు చిలుము పట్టి 50 ఓముల నిరోధం చూపుతున్నా, మీటరుకు అక్కడ కోల్పోయేది వోల్టులో వెయ్యోవంతు కూడా కాదు. అందుకే తెర మీద 12.5 నిక్షేపంగా కనబడుతుంది. అదే కొసలకు 12 వోల్టుల 5 వాట్ల బల్బు తగిలిస్తే, మంచి తీగ మీద 0.4 ఆంపియర్ల పైచిలుకు తీసుకుని ప్రకాశవంతంగా వెలగవలసినది, ఆ 50 ఓముల అతుకు వల్ల నాలుగు వోల్టులు కూడా అందక ఎర్రగా మినుకుమంటుంది. స్పీడోమీటరు అనుభవించేది ఆ బల్బు అవస్థనే.

కాబట్టి మీ పెట్టెలో మల్టీమీటరు పక్కన ఆ బల్బు కూడా ఉండాలి. మోటారు సైకిలు సామాన్ల కొట్టులో దొరికే చిన్న బల్బే చాలు. 24 వోల్టుల పడవ అయితే 24 వోల్టుల బల్బు తీసుకోండి. ప్లగ్గు ఊడదీసి, ఆ కొసలకు బల్బు తగిలించి, అది వెలుగుతుండగా దాని రెండు చివరల మధ్య కొలవండి. ఆ వెంటనే బ్యాటరీ దగ్గర కూడా కొలవండి. నా లెక్కలో ఈ రెండింటి తేడా 0.3 వోల్టు దాటితే దారిలో ఎక్కడో చిలుము ఉన్నట్లే.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఒక మరపడవ మీద నాకు ఎదురైనది చెబుతాను. సరంగు (పడవ నడిపే పెద్ద) చూపించిన స్పీడోమీటరు ముల్లు ఉదయం బాగానే తిరిగేది, రాత్రి దీపాలు వేయగానే సున్నకు పడిపోయేది. ప్లగ్గు ఊడదీసి కొలిస్తే 12.6 ఉంది. బల్బు తగిలిస్తే 7 వోల్టులకు పడింది. కేబిన్ కింద, తీగ వంగే మలుపులో, నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకు ఒకటి కనిపించింది. టేపు విప్పితే లోపలి నుంచి ఉప్పునీటి చెమ్మ వేలికి అంటింది. రాగి పోగులు పచ్చగా మారి, వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలాయి. తీగను వెనక్కి కోస్తూ పోతే, అతుకుకు జానెడు దూరంలో కూడా తొడుగు లోపల రాగి నల్లబడి ఉంది. ఉప్పునీరు సన్నని పోగుల మధ్య వత్తిలో నూనెలా ఎగబాకుతుంది. అందువల్ల చెడిన అతుకు మాత్రమే కోసి మళ్లీ కలిపితే సరిపోదు. ఎర్రగా మెరిసే రాగి కనబడేదాకా కోయవలసిందే. మరొక పడవలో దోషం నెగటివ్ తీగది: రంగు వేసిన బోల్టు మీదే బిగించారు, ఆ రంగు కరెంటును అడ్డుకుంది.

అతుకు విషయంలో నా అభిప్రాయం గట్టిది. టంకం నేను వాడను. టంకం ఎక్కిన చోట తీగ బిరుసవుతుంది, ఇంజను అదురుకు సరిగ్గా దాని అంచున తెగుతుంది. తగరం పూత ఉన్న రాగి తీగ, సరైన పట్టుకారుతో నొక్కిన కనెక్టరు, దాని మీద వేడికి ముడుచుకునే జిగురు స్లీవు: ఈ మూడూ ఉంటే చాలు. వేడి చేసినప్పుడు స్లీవు రెండు చివరలా జిగురు కొద్దిగా పొంగి బయటకు రావాలి. అది రాకపోతే లోపలికి నీరు చేరుతుంది.

దోషం దొరకక గంటలు గడుస్తుంటే నేను చేసే దగ్గరిదారి ఒకటి ఉంది. బ్యాటరీ పాజిటివ్ దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, రెండు కొత్త తీగలను నేరుగా స్పీడోమీటరు దాకా తాత్కాలికంగా లాగుతాను. ముల్లు లేస్తే పాత తీగలది దోషం, లేవకపోతే స్పీడోమీటరుదో యాంటెన్నాదో.

అయితే జెట్టీకి కట్టిన పడవలో ముల్లు లేవలేదని దిగులుపడకండి. కదలని పడవ వేగం సున్న, స్పీడోమీటరు చూపవలసింది కూడా సున్నే. నేను దానిని యాంటెన్నాతో సహా విప్పి ఆటోలో తీసుకువెళతాను. 12 వోల్టుల స్పీడోమీటరును ఆటో బ్యాటరీకే ఫ్యూజు పెట్టి తగిలించి, యాంటెన్నాను గుడ్డ కప్పు మీద కట్టి, డ్రైవరును గంటకు 18.5 కిలోమీటర్ల వేగంతో పోనిమ్మంటే ముల్లు 10 నాట్ల దగ్గర నిలవాలి. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. బయలుదేరే ముందు ఆరుబయట పావుగంట ఓపిక పట్టండి. ఒక్కొక్క ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకు ఒకసారి, అన్ని ఉపగ్రహాల పట్టికను పన్నెండున్నర నిమిషాలకు ఒకసారి పూర్తిగా పంపుతుంది. చాలా కాలం కరెంటు లేక పడి ఉన్న రిసీవరు (ఆ సంకేతాలను చదివి వేగం లెక్కకట్టే భాగం) వాటిని మొదటి నుంచి పోగుచేసుకోవాలి.

పాత రిసీవరులో తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి ఉంటే కంగారు పడవద్దు. ఉపగ్రహాలు వారాల సంఖ్యను 1,023 దాకా లెక్కించి మళ్లీ సున్న నుంచి మొదలుపెడతాయి. 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి అదే జరిగింది. తేదీ తప్పినంత మాత్రాన వేగం తప్పినట్లు కాదు.

అభ్యాసం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధ కాలంలో పడవ మీ చేతిలో ఉంటుంది కనుక ఇది అప్పుడు చేయండి. బల్బు వెలుగుతుండగా, బ్యాటరీ నుంచి స్పీడోమీటరు దాకా పాజిటివ్ దారిలోని ప్రతి అతుకుకూ, ప్రతి తీగ ముక్కకూ, స్విచ్చుకూ, ఫ్యూజు హోల్డరుకూ ఇరువైపులా మల్టీమీటరు తీగల మొనలు పెట్టి ఎంత వోల్టేజీ పోతోందో కొలిచి రాయండి. తిరిగివచ్చే నెగటివ్ దారిలోనూ అలాగే రాయండి. ఈ అంకెలన్నీ కూడితే బ్యాటరీ దగ్గరి వోల్టేజీకీ బల్బు దగ్గరి వోల్టేజీకీ ఉన్న తేడా రావాలి. 0.05 వోల్టు మించి తప్పితే మీరు ఏదో ఒక అతుకు చూడలేదన్న మాట. మళ్లీ మొదటి నుంచి కొలవండి. దీనితోపాటు టేపు చుట్టిన అతుకు ఒకటి, జిగురు స్లీవు వేసిన అతుకు ఒకటి సముద్రపు నీళ్ల సీసాలో పది రోజులు ఉంచి, ఆపైన రెండింటినీ నిలువునా కోసి చూడండి. వచ్చే పాఠంలో యాంటెన్నా విప్పుతాం. నిషేధ కాలంలో పడవకు రంగు వేసేవారు యాంటెన్నా మీది గోపురం లాంటి తొడుగు మీద అల్యూమినియం పెయింటు పూయకుండా ఇప్పుడే గుడ్డ కప్పి ఉంచండి.