ఓల్‌బోష్ దీవికి చేరలేక దారిలో ఆగిపోతే: సమస్య - పరిష్కారం

మెక్సికోలోని కింటానా రో రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సముద్రంలోకి కాస్త జరిగి, సన్నగా పొడవుగా పరుచుకున్న ఇసుక దీవి ఓల్‌బోష్. మనవాళ్లు హోల్‌బాక్స్ అని చదివేది దీన్నే. దీవి మీద ఉన్నది ఒక్కటే ఊరు, వీధులన్నీ ఇసుకవే, సందర్శకుల కార్లకు ప్రవేశం లేదు. కాంకూన్ నుంచి చికిలా రేవు వరకు రోడ్డు మీద రెండు, రెండున్నర గంటలు పడుతుంది; అక్కడి నుంచి ఫెర్రీలో అరగంట లోపే. డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, కాలిఫోర్నియా నుంచి సెలవులకు కాంకూన్ వెళ్లే తెలుగు కుటుంబాలు ఇంత చిన్న దారిలోనే ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఫోన్ చేస్తుంటారు, వారిని అక్కడి నుంచి బయటపడేయడం నాకు అలవాటైన పనే. విమానం టికెట్లు కొనడం, హోటల్ గది తీసుకోవడం ఎవరికైనా వచ్చు కనుక వాటి జోలికి పోను. ఎక్కడ ఆగిపోతారో, ఎందుకు ఆగిపోతారో, అప్పుడేం చేయాలో మాత్రమే చెబుతాను.

సమస్య: అమెరికా విమానాశ్రయంలోనే బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు మెక్సికో వీసా లేకుండా ఆ దేశంలో పర్యటించాలంటే అమెరికా, కెనడా, జపాన్, బ్రిటన్, షెంగెన్ దేశాలలో ఏదో ఒకదాని వీసా గడువు తీరకుండా చేతిలో ఉండాలి, లేదా ఆ దేశాలలో శాశ్వత నివాస హోదా ఉండాలి. హెచ్-1బి మీద ఉన్నవారు ఇక్కడ తమ ఐ-797 కాగితాన్ని తీసి చూపిస్తారు. అది అమెరికాలో ఉండటానికి మీకున్న అనుమతి మాత్రమే, వీసా కాదు. పాస్‌పోర్టులో అంటించిన వీసా (దాన్నే స్టాంపింగ్ అంటారు) గడువు తీరిపోయి ఉంటే ఆ కాగితం ఎంత కొత్తదైనా మెక్సికో ప్రవేశానికి పనికిరాదు. "ముప్పై రోజుల లోపు తిరిగి వచ్చేస్తే స్టాంపింగ్ లేకపోయినా ఫరవాలేదట కదా" అని అడిగేవారు చాలామంది. ఆ వెసులుబాటు నిజమే, కానీ అది మెక్సికో నుంచి అమెరికాకు తిరిగి వచ్చేటప్పుడు వర్తించేది, దానికీ వేరే షరతులున్నాయి. మెక్సికోలోకి అడుగుపెట్టడానికి దానితో ఏ సంబంధమూ లేదు.

పరిష్కారం చిన్నదే. టికెట్లు కొనకముందే ఇంట్లో ప్రతి ఒక్కరి పాస్‌పోర్టూ తెరిచి స్టాంపింగ్ తేదీ చూడాలి. భర్త మొన్ననే ఇండియా వెళ్లి స్టాంపింగ్ వేయించుకుని వచ్చి ఉంటాడు, భార్య హెచ్-4 స్టాంపింగ్ మాత్రం ఏడాది కిందటే గడువు తీరి ఉంటుంది, ఆ సంగతి కౌంటర్ ముందు బయటపడుతుంది. ఎవరిదైనా గడువు తీరి ఉంటే దగ్గరలోని మెక్సికో కాన్సులేట్‌లో వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక ప్రయాణానికి ముందు కాన్సులేట్ వెబ్‌సైటును ఒకసారి చూసుకోవడం మంచిది. కౌంటర్‌లో ఉద్యోగితో వాదించి నెగ్గినవారిని నేను చూడలేదు.

సమస్య: సమయానికే చేరామనుకుంటే ఆఖరి ఫెర్రీ వెళ్లిపోయి ఉంది

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం దీని గురించే. ఫోన్ చేసినవారు కారణాన్ని మాత్రం ఎప్పుడూ వేరేచోట వెతుకుతారు. రోడ్డు బాగాలేదంటారు, పిల్లలు ఆలస్యం చేశారంటారు, ఫెర్రీవాళ్లు చెప్పిన వేళకంటే ముందే వెళ్లిపోయారంటారు. వారిని నేను అడిగేది ఒక్కటే: "పొద్దున్న ఎక్కడి నుంచి బయలుదేరారు?" చిచెన్ ఇట్సా అనో, వయాదొలిద్ అనో, మెరిదా అనో జవాబు వస్తే మిగతాది అడగనక్కరలేదు.

చిచెన్ ఇట్సా పురాతన మాయా నగర శిథిలాలు, మిగతా రెండూ ఊళ్లు; ఆ మూడూ యుకతాన్ రాష్ట్రంలో ఉన్నాయి. కాంకూన్, చికిలా, ఓల్‌బోష్ కింటానా రోలో ఉన్నాయి. ఈ రెండు రాష్ట్రాల గడియారాలకు మధ్య గంట తేడా ఉంది, కింటానా రో ముందుంటుంది. యుకతాన్‌లో సాయంత్రం నాలుగైతే చికిలాలో ఐదు. రాష్ట్రాల సరిహద్దులో ఆపేవారు ఉండరు, పాస్‌పోర్టు అడిగేవారు ఉండరు. ష్కాన్ ఊరు దాటి నువేవో ష్కాన్‌లోకి అడుగుపెట్టేసరికి మీ చేతిలోని గంట మాయమైపోతుంది.

లెక్క వేసి చూడండి. మధ్యాహ్నమంతా చిచెన్ ఇట్సాలో తిరిగి, మూడున్నరకు కారెక్కి, వయాదొలిద్‌లో భోజనానికి గంట పైగా ఆగి, ఐదున్నర ప్రాంతంలో అక్కడి నుంచి బయలుదేరారనుకుందాం. వయాదొలిద్ నుంచి చికిలాకు రెండు గంటల పైచిలుకు దారి. చీకటి పడ్డాక పల్లెల్లోని స్పీడు బ్రేకర్లు కనిపించవు, వాటిని అక్కడివారు తోపెస్ అంటారు, చాలాచోట్ల గుర్తులు కూడా ఉండవు కనుక నెమ్మదిగా పోవలసిందే. చేరేసరికి మీ వాచీలో ఎనిమిది. రాత్రి తొమ్మిది ప్రాంతం వరకు ఫెర్రీలు ఉంటాయని చదివి వచ్చారు కనుక గంట చేతిలో ఉందన్న ధీమాతో కారు పార్కింగ్ వెతికి, సామాను దించుకుని, పిల్లలకు బిస్కెట్లు కొని కౌంటర్ దగ్గరకు వెళ్తారు. అక్కడి గోడ గడియారంలో తొమ్మిదిన్నర కావస్తుంటుంది, కౌంటర్‌లోని మనిషి షట్టర్ దించుతుంటాడు.

ఇది అంత తేలికగా దొరికే దొంగ కాదు. డిసెంబరులో డల్లాస్ నుంచి వచ్చినవారినే చూడండి. శీతాకాలంలో డల్లాస్ సమయమూ యుకతాన్ సమయమూ ఒక్కటే. చేతి వాచీని మార్చకుండా ఉంచుకున్నవారికి చిచెన్ ఇట్సా టికెట్ కౌంటర్ దగ్గరి గడియారం తమ వాచీతో సరిగ్గా కలుస్తుంది, దాంతో ఇక వాచీని అనుమానించే అవసరమే కనిపించదు. కాంకూన్ మాత్రం అప్పుడు డల్లాస్ కంటే గంట ముందుంటుంది. అదే కుటుంబం జులైలో వెళ్తే అమెరికాలో గడియారాలు ముందుకు జరిగి ఉంటాయి కనుక డల్లాస్ సమయం కాంకూన్‌తో కలుస్తుంది, చికిలాలో ఏ ఇబ్బందీ రాదు. అందుకే ఎండాకాలంలో వెళ్లి వచ్చిన స్నేహితుడు "అలాంటి తేడా ఏమీ లేదే" అని మనస్ఫూర్తిగా చెబుతాడు, ఆయన మాట నమ్మి క్రిస్మస్ సెలవుల్లో వెళ్లినవారు రేవులో నిలబడతారు. న్యూజెర్సీ వారికి ఇది తలకిందులు: శీతాకాలంలో కాంకూన్ సమయం వారి సమయమే, ఎండాకాలంలో కాంకూన్ గంట వెనక ఉంటుంది. కాలిఫోర్నియా వారికి ఎండాకాలంలో రెండు గంటలు, శీతాకాలంలో మూడు గంటలు తేడా. తేడా ఉందని ముందే తెలుసు కనుక వారు వాచీ మార్చుకుంటారు, కానీ ఒక్కసారే మార్చుకుంటారు, రాష్ట్రం దాటినప్పుడు మళ్లీ మార్చాలని వారికీ తోచదు.

పాత సమాచారం మరో ఉచ్చు. కింటానా రో 2015 ఫిబ్రవరిలో తన గడియారాన్ని గంట ముందుకు జరిపి, ఏడాది పొడవునా అదే సమయాన్ని ఉంచుకుంది. యుకతాన్ ఆ తరువాత కూడా కొన్నేళ్లు ఎండాకాలంలో గడియారాన్ని ముందుకు జరిపేది, ఆ నెలల్లో రెండు రాష్ట్రాల సమయమూ కలిసేది. అమెరికా సరిహద్దు వెంబడి ఉన్న కొన్ని ప్రాంతాలను మినహాయించి, మెక్సికో 2022 అక్టోబరులో ఈ జరుపుడు పద్ధతినే ఎత్తివేసింది. అప్పటి నుంచి యుకతాన్‌కూ కింటానా రోకూ మధ్య ఏడాది పొడవునా గంట తేడా ఉంది. ఎండాకాలంలో తేడా ఉండదని చెప్పే ప్రయాణ వ్యాసాలు అంతకుముందు రాసినవి, వాటిని పక్కన పెట్టండి.

"నా ఫోన్ దానంతట అదే సమయం మార్చుకుంటుంది కదా" అంటారు. స్థానిక టవర్ సిగ్నల్ అందితే మారుతుంది. రోమింగ్ ఖర్చుకు భయపడి ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి, హోటల్ వైఫై మీదనే నడిపేవారి ఫోన్ దారిలో పాత సమయాన్నే చూపిస్తూ ఉండవచ్చు. కారులోని గడియారాన్ని మీకంటే ముందు అద్దెకు తీసుకున్నవారు ఎలా వదిలేశారో తెలియదు, దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. సరిహద్దు ఊళ్లలో ఫోన్ ఏ రాష్ట్రపు టవర్‌ను పట్టుకుంటే ఆ సమయం చూపుతుంది కనుక అక్కడ ఆగి ఫోన్ చూసుకోవడం కూడా నమ్మదగినది కాదు.

పరిష్కారం ఇది. ప్రయాణం మొదలైన రోజునే ఫోన్ సెట్టింగులలో ఆటోమేటిక్ సమయాన్ని ఆపి, టైమ్ జోన్‌ను చేతితో కాంకూన్‌కు పెట్టండి, ఇంటికి తిరిగి వచ్చేవరకు దాన్ని మార్చకండి. యుకతాన్‌లో గడిపే రోజుల్లో చిచెన్ ఇట్సా తెరిచే వేళకూ, హోటల్ భోజన వేళలకూ ఒక గంట కలుపుకుంటే సరిపోతుంది. ఆ లెక్కలో తప్పు జరిగినా గంట తేడాతో శిథిలాలలో తిరగడమే తప్ప రాత్రి రేవులో గడపవలసిన పని ఉండదు. మ్యాపులో చేరుకునే వేళను కాకుండా మిగిలిన గంటలు, నిమిషాలను చూసి, దాన్ని కాంకూన్ సమయానికి కలుపుకోండి. అనుమానం వస్తే పెట్రోలు బంకులో "కే ఓరా ఎస్ ఎన్ కాంకూన్?" (కాంకూన్‌లో ఇప్పుడు టైమెంత?) అని అడగండి, ఆ చుట్టుపక్కల ప్రజలు ఈ తేడాతోనే రోజూ బతుకుతున్నారు కనుక వెంటనే చెబుతారు.

బస్సులో వెళ్లేవారు టికెట్టు మీది వేళలను జాగ్రత్తగా చదవాలి. బయలుదేరే వేళ బయలుదేరే ఊరిది, చేరే వేళ చేరే ఊరిది. వయాదొలిద్ నుంచి వచ్చేటప్పుడు ప్రయాణం గంట ఎక్కువైనట్టు, తిరిగి వెళ్లేటప్పుడు గంట తక్కువైనట్టు కనిపిస్తుంది, అంతే.

ఇదే గంట ఇంతకంటే పెద్ద నష్టం చేసే సందర్భం ఒకటుంది. ఓల్‌బోష్ చూసుకుని, ఆఖరి రాత్రి వయాదొలిద్‌లో బస చేసి, మరునాడు అక్కడి నుంచి నేరుగా కాంకూన్ విమానాశ్రయానికి పోవాలనుకునేవారు ఉంటారు. విమానం వేళ కాంకూన్ సమయంలో ఉంటుంది, హోటల్ గదిలోని గడియారం యుకతాన్ సమయంలో ఉంటుంది. ఫెర్రీ తప్పితే పోయేది ఒక రాత్రి. విమానం తప్పితే నలుగురి టికెట్లు. ఆఖరి రాత్రిని కింటానా రోలోనే గడపమని అందరికీ చెబుతాను.

ఇప్పటికే ఫెర్రీ తప్పి రేవులో ఉన్నవారికి రెండు దారులున్నాయి. చికిలాలో సాదా గదులు దొరుకుతాయి, తెల్లవారుజాము నుంచే ఫెర్రీలు మొదలవుతాయి. రాత్రివేళ చిన్న మోటారు పడవలవారు వచ్చి దాటిస్తామంటారు, ధర ఎక్కువ అడుగుతారు. అందరికీ లైఫ్ జాకెట్లు ఉంటే, గాలి లేకపోతే ఆలోచించండి, పసిపిల్లలుంటే వద్దు.

సమస్య: కారు అద్దె కౌంటర్‌లో మూడు నాలుగింతలైంది

ఇంటర్నెట్‌లో రోజుకు కొద్ది డాలర్లకే కనిపించిన ధరలో తప్పనిసరిగా ఉండవలసిన థర్డ్ పార్టీ బీమా కలిసి ఉండదు. అమెరికాలోని మీ కారు బీమా మెక్సికోలో ఆ పనికి చెల్లదు, క్రెడిట్ కార్డు ఇచ్చే రక్షణ సాధారణంగా అద్దె కారుకు జరిగే నష్టం వరకే. బీమాతో కలిపిన మొత్తం ధరను రాతపూర్వకంగా ముందే తెప్పించుకోండి. ఇంకో మాట: ఆ కారు ఎలాగూ చికిలాలో పార్కింగ్‌లోనే ఆగుతుంది, రోజుకు ఇంతని కట్టాలి. దీవిలో మూడు రోజులుండి, చిచెన్ ఇట్సా వైపు పోయే ఆలోచన లేనివారికి కాంకూన్ నుంచి చికిలాకు నేరుగా నడిచే బస్సే చవక.

సమస్య: చేతిలో పెసోలు లేవు

దీవిలోని ఏటీఎంలలో సెలవు రోజుల్లో నగదు అయిపోతుంది, కరెంటు పోతే కార్డు మెషీన్లు పనిచేయవు. నగదును కాంకూన్‌లోనే, బ్యాంకు ఏటీఎంలో తీసుకోండి. మెషీన్ తన సొంత మారకపు ధర చూపించి అంగీకరిస్తారా అని అడిగినప్పుడు వద్దని నొక్కండి, డబ్బు ఎలాగూ వస్తుంది, మారకం మీ బ్యాంకు ధర ప్రకారం జరుగుతుంది. టోల్ రోడ్డుకు కూడా పెసోలే చేతిలో ఉంచుకోండి. ఫెర్రీలు నడిపే కంపెనీలు రెండు ఉన్నాయి, ఒకదాని రిటర్న్ టికెట్టు మరొకదానిలో చెల్లదు కనుక ఒకవైపు టికెట్టే కొనుక్కుంటే తిరుగు ప్రయాణంలో ముందు వచ్చిన పడవ ఎక్కవచ్చు.

సమస్య: దీవిలో దిగాక హోటల్‌కు చేరలేకపోతున్నాం

వానాకాలంలో, అంటే సుమారుగా జూన్ నుంచి అక్టోబరు వరకు, ఇసుక వీధులు చెరువులవుతాయి, చక్రాల సూట్‌కేసు రెండు అడుగులు కూడా కదలదు. పెద్ద సూట్‌కేసులను కాంకూన్ హోటల్‌లో వదిలి, భుజానికి తగిలించుకునే సంచీతో, రబ్బరు చెప్పులతో రండి. రేవు దగ్గర గోల్ఫ్ కార్టు టాక్సీలుంటాయి. ఎక్కకముందే ధర అడగండి.

అరుదైనవి

కాంకూన్ బదులు తులుమ్ విమానాశ్రయానికి టికెట్టు కొన్నవారున్నారు. అది 2023 డిసెంబరులో మొదలైంది, చికిలాకు కాంకూన్ కంటే దూరం, టికెట్టు మీది ఊరి పేరు చదివితే చాలు. యుకతాన్ ద్వీపకల్పంలో నడిచే మాయా రైలు చికిలాకు రాదు. శీతాకాలంలో నోర్తె అనే ఉత్తరపు గాలి గట్టిగా వీచినప్పుడు, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు రేవు అధికారులు పడవలను ఆపేస్తారు. అప్పుడు మీరు చేయగలిగిందేమీ లేదు, గాలి తగ్గేవరకు చికిలాలోనో, కాంతునిల్కిన్‌లోనో గది తీసుకుని, హోటల్‌కు ఆలస్యమవుతుందని కబురు పంపండి.