ఇన్‌లైన్ ఫంక్షన్‌ని పాయింటర్‌గా పంపితే లింక్ ఎందుకు ఆగుతుంది?

సీ భాషలో ‘ఇన్‌లైన్’ అంటే, ఫంక్షన్ కోడ్‌ని పిలిచిన చోటే చొప్పించమని కంపైలర్‌కి సూచన. హెడర్‌లో ఉత్త ‘ఇన్‌లైన్’ అని రాసిన ఫంక్షన్‌ని క్యూసార్ట్‌కి (సీ లైబ్రరీలోని సార్ట్ ఫంక్షన్, పోల్చే ఫంక్షన్‌ని పాయింటర్‌గా తీసుకుంటుంది) ఇచ్చారనుకోండి. కంపైల్ సాఫీగా అవుతుంది, లింక్ దగ్గర ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటుంది. సీ99 (1999 నాటి సీ ప్రమాణం) ప్రకారం ఉత్త ఇన్‌లైన్ నిర్వచనం బయటికి కనిపించే సింబల్‌ని, అంటే లింకర్ వెతికే పేరుని, పుట్టించదు. పాయింటర్‌కేమో అడ్రస్ కావాలి. జీసీసీ కంపైలర్ 5వ వెర్షన్ (2015)లో డిఫాల్ట్ ప్రమాణం గ్నూ89 నుంచి గ్నూ11కి మారి, ఈ సీ99 నియమమే అమల్లోకి వచ్చింది కాబట్టి, అంతకుముందు నడిచిన పాత కోడ్ కూడా ఇక్కడే తంతుంది.

హెడర్‌లో ‘స్టాటిక్ ఇన్‌లైన్’ అని మార్చండి, చాలు. అన్ని ఫైళ్లకీ ఒకే కాపీ కావాలంటే, ఒకే ఒక్క సీ ఫైల్లో ‘ఎక్స్‌టర్న్ ఇన్‌లైన్’ డిక్లరేషన్ పెట్టండి.

‘ఆల్వేస్ ఇన్‌లైన్’ (తప్పకుండా ఇన్‌లైన్ చేయమనే జీసీసీ గుర్తు) తగిలించి మొండికెయ్యకండి. పాయింటర్ ద్వారా పిలిస్తే ఎర్రర్ రావచ్చు, రాకపోనూవచ్చు. అది ఆప్టిమైజేషన్ స్థాయిని బట్టి. అయినా క్యూసార్ట్ లైబ్రరీలో ముందే కంపైలై ఉంది, దాని లోపలికి మీ ఫంక్షన్‌ని ఎవరూ చొప్పించలేరు. వేగమే ముఖ్యమైతే సార్ట్‌ని కూడా అదే ఫైల్లో స్టాటిక్‌గా రాసుకుని ‘-ఓ2’ (ఆప్టిమైజేషన్ స్థాయి) ఆప్షన్‌తో కంపైల్ చేయండి.