ఇలియడ్‌లో చెక్క గుర్రం లేదు (మొదటి ఏడాది హ్యూమానిటీస్, పాఠం 4)

ముందు పోయినసారి సంగతి తేల్చుకుందాం. ఇలియడ్ మీద, అంటే ట్రాయ్ యుద్ధం గురించి హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం మీద, ఒక పేజీ రాసి పంపమన్నాను కదా, పంపినవాళ్ళలో నలుగురు చెక్క గుర్రం గురించి (గ్రీకు సైనికులు లోపల దాక్కుని ట్రాయ్‌లోకి దూరింది) రాశారు, ఒకరైతే గుర్రం కడుపులో సైనికులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారని వర్ణన కూడా పెట్టేశారు. బాబూ, ఇలియడ్‌లో ఆ గుర్రం లేదు. గ్రీకు వీరుడు అకిలీస్ మడమకి బాణం తగలడమూ లేదు, అసలు ట్రాయ్ పడిపోవడమే లేదు, ఆఖరిదైన 24వ పుస్తకం (మన సర్గ లాంటిది) ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతో ఆగిపోతుంది. గుర్రం కథ హోమర్‌దే ఇంకో కావ్యం ఒడిస్సీలో ఒక గాయకుడు పాడతాడు, తర్వాత రోమన్ కవి వర్జిల్ విస్తారంగా చెప్తాడు. అంటే మీరు చదవలేదు, ఏదో వీడియో చూసి రాసేశారు.

అమెరికాలో రీడ్ కాలేజీ వాళ్ళు మొదటి ఏడాదిలో చెప్పే హ్యూమ్ 110 లాంటి హ్యూమానిటీస్ కోర్సులో ఇది దొరికిపోతుంది. లెక్చర్‌లో వెనక బెంచీలో దాక్కోవచ్చు గానీ కాన్ఫరెన్స్ అని ఇంకోటి ఉంటుంది, చిన్న గది, కొద్దిమంది చుట్టూ కూర్చుని పుస్తకం తెరిచి మాట్లాడుకోవాలి, ప్రొఫెసర్ మీ మొహం చూస్తూ కూర్చుంటారు.

మిగతావాళ్ళు చదివారు, సంతోషం. కానీ రాసిందంతా కథే. అకిలీస్ అలిగాడు, అతని నేస్తం పాట్రోక్లస్ పోయాడు, హెక్టర్ పోయాడు. నౌపడాలో గుణుపురం బండి ఎక్కి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం అని బోర్డులు చదివినట్టుంది. ప్రొఫెసర్‌కి ఆ స్టేషన్లన్నీ తెలుసు! మీకు కిటికీలోంచి ఏం కనబడిందో అది కావాలి.

ఒకమ్మాయి "ఇలియడ్ యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని చూపిస్తుంది" అని థీసిస్, అంటే పేపర్ అంతా నిలబెట్టాల్సిన ఒక్క వాదన, రాసింది. ఎవరు కాదంటారమ్మా? కాదనేవాడు ఒకడైనా లేకపోతే అది థీసిస్ కాదు. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే మేష్టరు, వాడుక భాషలోనే రాయాలన్నారు, గ్రాంథికం వాళ్ళు విరుచుకుపడ్డారు. ఆయన "భాష చాలా ముఖ్యమైనది" అని ఊరుకుంటే ఎవడు కొట్లాడేవాడు? మీ వాక్యం పక్కన "అబ్బే, కాదు" అని రాసి చూడండి, ఆ మాటకి అర్థం ఉంటేనే ఉంచండి, లేకపోతే కొట్టేయండి.

ఇక అలాంటి వాక్యం ఎక్కణ్ణుంచి వస్తుందంటే, చిన్న వస్తువు పట్టుకోండి. 6వ పుస్తకంలో హెక్టర్ కొడుకుని ఎత్తుకోబోతాడు, పిల్లాడు తండ్రి శిరస్త్రాణం మీద ఊగే గుర్రపు వెంట్రుకల జుట్టు చూసి జడుసుకుని దాది గుండెకి అతుక్కుపోతాడు, అమ్మానాన్నా నవ్వుతారు, హెక్టర్ శిరస్త్రాణం తీసి కింద పెడతాడు, అప్పుడు ముద్దు పెట్టుకుంటాడు. శిరస్త్రాణం తీస్తే గానీ తండ్రి కాలేకపోయాడు. మరి పక్కన పెట్టాక మళ్ళీ ఎందుకు ఎత్తుకున్నాడు, ఊరి కోసమా, పరువు కోసమా? భార్య ఆండ్రొమాకీ యుద్ధానికి వెళ్ళొద్దని బతిమాలితే ట్రాయ్ మగాళ్ళ ముందు, ఆడాళ్ళ ముందు సిగ్గుపడాల్సొస్తుందంటాడు. పరువే అని మీరు, ఊరే అని ఇంకొకరు, ఇదిగో గొడవ మొదలైంది, పేపర్ కూడా మొదలైనట్టే.

కోట్ చేస్తే పుస్తకం నంబరు, పంక్తి నంబరు వేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. గుర్తులకి నేనైతే పెన్సిలే, హైలైటర్ కొడితే పేజీ పసుపు రాసిన గడపలా అయిపోతుంది, ఏది ముఖ్యమో మనకే తెలీదు. ఇంట్రో ఆఖర్న రాస్తాను, మా సార్లకి నచ్చేది కాదు, నాకు అలాగే కుదురుతుంది.

అభ్యాసం. 22వ పుస్తకం చివర హెక్టర్ చచ్చిపోయాడని తెలీక ఆండ్రొమాకీ మగ్గం మీద నేస్తూ, ఆయనొస్తే స్నానానికి నీళ్ళు కాచమని చెప్తుంది. ఏడుపు వినగానే కండె చేతిలోంచి జారిపోతుంది, గోడ దగ్గరికి పరిగెత్తి చూసి, పెళ్ళినాడు ఆఫ్రొడైటీ ఇచ్చిన మేలిముసుగు తలమీంచి విసిరేసి పడిపోతుంది. ఆయన తీసి పెట్టిన శిరస్త్రాణం, ఈమె విసిరేసిన ముసుగు. రెండు చోట్లా మూడేసి సార్లు చదవండి, ఒక్కసారి పైకి చదవాలి. తర్వాత రెండే వాక్యాలు రాయండి, కాదనడానికి వీలుండాలి, మూడో వాక్యం రాస్తే నేను చదవను. ఆదివారం లోపు.